పెట్టెలో రెండో రేణువు

దెయ్యాల కథలంటే నాకు భయం లేదు, చిరాకు. ఇది రాస్తున్నది కూడా చిరాకుతోనే.

హిందూపురంలో గది తీసుకుని పరిశోధన చేస్తున్నాను. బంగారు ముద్ద పచ్చగా ఉంటుంది. అదే బంగారాన్ని నానో రేణువు చేస్తే ఎర్రగా కనిపిస్తుంది. వెలుతురు తగిలి లోపలి ఎలక్ట్రాన్లన్నీ ఒక్కటిగా ఊగుతాయి. ఆ ఊగుడు లెక్కగట్టి, వచ్చే రంగును తెర మీద చూపించే ప్రోగ్రాం నాది. పట్టుకు ఇలా రంగు తేవచ్చన్నది నా థీసిస్.

మా పెదనాయన ధర్మవరంలో పట్టుకు రంగులద్దేవాడు. ఆయన వంకాయ రంగు ఇంకెవరికీ కుదరదు. కొలతలు ఎవరికీ చెప్పలేదు. పట్టంతా ముంచే ముందు ఒక్క పోగు ముంచి, ఎండలో ఆరబెట్టి చూసుకునేవాడు. నా ప్రోగ్రాం రంగుతో పోల్చుకోవడానికి అలాంటి పోగు ఒకటి ఇమ్మంటే మొహం మీదే ఇవ్వనన్నాడు.

"నీ కంప్యూటర్లో రంగు యాడ ఉండాదిరా? నా పక్కన కూచోకుండా ఆ రంగు నీకు యాట్లొస్తాది?"

"రేపు నీ కొట్టం మూసుకోవాల్సిందే," అన్నాను, పదిమందిలో. ఆయన మంచం పట్టినా చూడ్డానికి పోలేదు. కర్మకు మాత్రం వెళ్లొచ్చాను.

వారం తిరక్కుండా లెక్క చెడింది. ఎరుపు రావాల్సిన చోట ఊదా ఛాయ. రెండు రేణువులు దగ్గరగా ఉంటే అలా వస్తుంది. కానీ ప్రోగ్రాంలో రేణువును ఉంచి లెక్కగట్టే చోటును పెట్టె అంటాం, అందులో నేను పెట్టింది ఒక్కటే. ఫైలు మొదటినుంచీ మళ్లీ రాశాను. పెనుకొండలో స్నేహితుడి కంప్యూటర్లో నడిపాను. అదే ఫలితం. పైగా నడిపిన ప్రతిసారీ ఊదా ముదురుతోంది. అంటే రెండోది దగ్గరికి జరుగుతోంది. థీసిస్ గడువు ముంచుకొస్తుంటే, ఆ రంగు నీకు యాట్లొస్తాదన్న చచ్చిన మనిషిని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మాసికానికి ధర్మవరం పోతూ లాప్‌టాప్ తీసుకెళ్లాను. మధ్యాహ్నం ఇంట్లో సందడిగా ఉందని రంగుల కొట్టంలో కూర్చుని మళ్లీ నడిపాను. పెద్దమ్మ మంచినీళ్లు తెచ్చి, తెర చూసి నిలబడిపోయింది.

"ఇది మీ పెదనాయన రంగు కదప్పా. నీకెవరు చెప్పిరి?"

రెండు రేణువులు ఆనుకున్నప్పుడు రావాల్సిన రంగు గ్రాఫును తెర మీది గ్రాఫు పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే. అప్పుడు గమనించాను, నేను కూర్చున్నది ఆయన పీట పక్కన.

ఆ తర్వాత ప్రోగ్రాం ముట్టలేదు, థీసిస్ ఇవ్వలేదు. ఎక్కడో తప్పు చేశావంటారు మా గైడు. ఎక్కడో ఆయనా చూపించలేకపోయారు, నాకూ తెలియదు. ఆ ఫైలు తెరిస్తే ఇప్పటికీ ఒక్క రేణువే ఉంటుంది.