స్వామి వద్దనలేదు

కొన్నేళ్ళుగా దేవుడి ముందు నిలబడి కళ్ళు మూసుకోలేకపోతున్నాను. మూసుకుంటే ఒక మాట గొంతుదాకా వచ్చి ఆగుతుంది. దాన్ని నా భర్తకు చెప్పలేదు. మా నాయన మంచంలో ఉన్నప్పుడు ఆయన చెవిలోనైనా చెబుదామనుకుని, చెప్పకుండానే ఆయన్ను పంపేశాను. ఎవరికి చెప్పాలో ఆ మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువేమో అనుకుంటున్నాను. చూడాలి.

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లో పలక పెట్టి నేర్పిన అక్షరాలే నావి. అయినా నా బతుక్కి లోటుందని ఎప్పుడూ అనుకోలేదు. నీళ్ళ ట్యాంకరు వస్తే స్వామికి దణ్ణం. రాకపోతే బిందె అడుగున ఇంకా కాసిని ఉన్నందుకు దణ్ణం. నా మనసు అలా అలవాటు పడింది. అన్ని దణ్ణాలు పెట్టే మనిషే ఈ పని చేసింది.

మాది చిలమత్తూరు దగ్గర పల్లె. వానను నమ్ముకుని శనక్కాయ వేసే ఇల్లు. నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది చంద్ర చిన్నపిల్లవాడు. పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. అత్త అప్పటికే లేదు. అతనికి నీళ్ళు పోసింది, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది నేనే. నాకు పిల్లలు కలగలేదు.

డిగ్రీ అయ్యాక చంద్ర హిందూపురంలో మూతపడిన ఒక కంప్యూటర్ సెంటరు నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకున్నాడు. ఏదో ఉద్యోగానికి పనికొచ్చేది నేర్చుకుంటాడనుకున్నాం. ఆటలు నేర్చుకున్నాడు. కారు పందేలు, తుపాకీ యుద్ధాలు. కరెంటు ఉన్నంతసేపు మా వసారా నిండా వీధి పిల్లలే. నేలమీద గోడ పట్టుకుని నడిచే మనిషి తెరమీద కొండ మలుపుల్లో కారును అలా వంచి తిప్పుతుంటే అందరూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. సాయంత్రం నేను శనక్కాయలు ఒలుస్తుంటే పక్కన పీట వేసుకుని, తనూ ఒలుస్తూ, ఆ రోజు ఏ పందెం ఎలా గెలిచాడో చెప్పేవాడు. నాకు సగం అర్థమయ్యేది కాదు. అయినా వినేదాన్ని. మా ఆయన మంచివాడు, కానీ మాట తక్కువ. ఆ ఇంట్లో నాతో అంతసేపు మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు.

కొన్నేళ్ళకు ఆ యంత్రం ముసలిదైంది. కొత్త ఆట వేస్తే బొమ్మ ఆగి ఆగి కదిలేది. లోపలి ఫ్యాను రొదపెట్టి, ఉన్నట్టుండి అంతా నల్లబడిపోయేది. చంద్ర పక్క రేకు విప్పి ఎర్రదుమ్ము ఊది, మళ్ళీ బిగించేవాడు. అప్పుడే బెంగళూరులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టుకున్న స్నేహితుడు ఒకడు కబురు పంపాడు. కంప్యూటర్ పెట్టె తీసుకుని రా, లోపలి భాగాలన్నీ నీ చేత్తోనే మార్చుకో, చెయ్యి కుదిరితే నా దగ్గరే పనిలో ఉండిపో అని.

ఇంట్లో చర్చ మొదలైంది. బొమ్మలు బాగా కదలడానికి ఒక కార్డు మారిస్తే చాలనుకున్నాడు చంద్ర మొదట. ఆ కార్డు పాత బోర్డులో కూర్చోదట. బోర్డు మారిస్తే పాత మెమరీ పనికిరాదట. అన్నీ మారిస్తే లోపల కరెంటు ఇచ్చే డబ్బా చాలదట. చివరికి పాతవాటిలో మిగిలేది పైరేకూ, తెరా. దుడ్లేమో విత్తనాలకు దాచినవాటిలోంచి తియ్యాలి. ఆ ఏడు వాన సంగతి ఎవరికీ తెలియదు.

"ముసలెద్దుకి కాళ్ళు మారుస్తారేమప్పా?" అన్నాడు మా ఆయన.

"ఎద్దుకి కాదన్నా, మోటరుకి అనుకో. బోరు మోటరు కాలిపోతే మళ్ళా వైండింగు కట్టిస్తాండామా, బోర్లోనే పారేసి వస్తాండామా?"

 మా ఆయన ఔనని అనలేడు, కాదని తమ్ముడి ముఖం చూడలేడు. చివరికి చంద్రే అన్నాడు, వదినను స్వామిని అడగనీ అని.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇలవేల్పు నరసింహస్వామి. చిన్న రాతి విగ్రహం. ఏదీ తేలనప్పుడు, తలస్నానం చేసి, తడిపిన పువ్వులు రెండు తీసుకుని స్వామి భుజాలకు చెరొకటి అంటిస్తాం. మనసులో సంగతి చెప్పుకుని నిలబడతాం. కుడి పువ్వు ముందు పడితే సరేనని, ఎడమది పడితే వద్దని. బోరు ఎక్కడ వెయ్యాలన్నా, ఏ చేను ముందు విత్తాలన్నా అలాగే. అడిగేవాళ్ళు తప్ప ఇంకెవరూ గదిలో ఉండకూడదు. మా ఇంట్లో అడగడం నా వంతు. నా భక్తి మీద వాళ్ళకు అంత నమ్మకం.

మర్నాడు పొద్దున నందివర్ధనం పువ్వులు తడిపి అంటించాను. తలుపు అవతల అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. అడిగాను. ఇంకా చేతులు జోడించనే లేదు, కుడి పువ్వు జారి స్వామి పాదాల దగ్గర పడింది. అంత తొందరగా ఎప్పుడూ పడలేదు. అంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

నేనేం చేశానో ఇప్పుడు రాస్తాను. పడిన పువ్వును తీశాను. మళ్ళీ నీళ్ళలో ముంచి కుడి భుజానికే అంటించాను, వేలితో నొక్కి పట్టుకుని, పడదని తేలేదాకా. ఎడమ పువ్వును నా చేత్తో తీసి పళ్ళెంలో పెట్టుకున్నాను. రోజూ పూజ చేసినంత తీరుగా, నిదానంగా చేశాను. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

"ఏమాయె వదినా?"

"ఎడంపక్క పడింది చంద్రా. స్వామి వద్దంటాండాడు."

ఒక్క క్షణం నేలకేసి చూశాడు. తర్వాత నవ్వాడు.

"పోనీలే. ఆ కార్డు రేటు స్వామికీ తెలిసినట్టుండాది."

పళ్ళెంలో పువ్వు తీసి కళ్ళకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను దేవుడిమీద నుంచి పీకిన పువ్వు. మా ఆయన మెల్లగా ఊపిరి వదిలి చేనికి పోయాడు.

తర్వాత పెద్దగా ఏమీ జరగలేదు. నేను చేసిందాంట్లో పెద్ద సంగతి అదే, ఏమీ జరగకపోవడం. కొత్త ఆటలు ఆ యంత్రం మీద ఆడలేదు. పిల్లలు ఒక్కొక్కరే బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు మళ్ళారు. చంద్ర కొన్నాళ్ళు పాత పందేన్నే ఒక్కడూ ఆడుకున్నాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా గెలిచేవాడు. తర్వాత దానిమీద గుడ్డ కప్పాడు. ఇప్పుడు పెద్దరోడ్డు మీద పెట్రోలు బంకులో బిల్లులు ఇస్తున్నాడు. ఆ బెంగళూరు స్నేహితుడు మధ్యలో ఇంకోసారి పిలిచాడు. చంద్ర నన్ను అడగను కూడా లేదు. స్వామి అప్పుడే చెప్పేశాడు కదా అని, తనే రానన్నాడు. నేను ఒక్కసారి చెప్పిన అబద్ధం, నా అవసరం లేకుండా, రెండోసారి తనంతట తానే పనిచేసింది.

ఎందుకు చేశాను? చాలాకాలం విత్తనాల దుడ్ల కోసమని చెప్పుకున్నాను. అది నిజం, ఆ ఏడు వాన సరిగా రాలేదు కూడా. అతని కాలు చూసి, పట్నం బస్సుల్లో ఎక్కడ పడతాడోనని భయపడ్డానని చెప్పుకున్నాను. అదీ నిజమే. ఆటల పిచ్చి మంచిది కాదని చెప్పుకున్నాను. నిజాలు ఇన్ని పోగుచేసి వాటికింద ఒకదాన్ని దాచవచ్చని నాకు అప్పుడు తెలియదు. అతను వెళ్ళిపోతే సాయంత్రాలు నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. అంతే. అంత చిన్న సంగతి. పెంచిన బిడ్డ బతుకు ఒక పక్క, నా సాయంత్రాలు ఇంకో పక్క పెట్టి, నా సాయంత్రాలవైపు తూచాను. ప్రేమ అనుకున్నాను దాన్ని. ప్రేమ అయితే తలుపు తెరిచి అందరి ముందూ ఏడ్చి, పోవద్దు చంద్రా అని నా నోటితో అడిగేదాన్ని కదా? అడిగితే ఉండేవాడో లేదో. ఉంటాననో పోతాననో చెప్పడం అతని హక్కు. ఆ హక్కు కూడా అతనికి లేకుండా చేశాను. నాకు బదులు స్వామి చేత చెప్పించాను.

ఆ రోజు తర్వాత నేను పువ్వు అడగలేదు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి అడిగితే, నాకు ఆ అర్హత లేదమ్మా అంటాను. ఎంత అణకువో చూడండని మెచ్చుకుని పోతారు. నిజం చెప్పినా నమ్మనంతగా నన్ను మంచిదాన్ని చేసేశారు.

మొన్న పండగ నాడు బంకు నుంచి వచ్చి చంద్ర నాకొక చీర ఇచ్చాడు. బంకు పక్క ఊళ్ళో ఎవరో కంప్యూటర్ల వ్యాపారంలో నష్టపోయారట, ఆ సంగతి చెబుతూ, "ఆ పొద్దు నువ్వు స్వామిని అడక్కపోయింటే నేనూ అట్లే మునిగిపోయింటి వదినా. నీ రుణం తీరేది కాదు" అన్నాడు. నేను తలూపాను. నోరు తెరవాల్సిన చోట తలూపాను. ఇది మొదటి తప్పు కంటే చిన్నదా? నాకలా అనిపించడం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. స్వామిని అడుగుదామంటే, ఆయన ఒకసారి తేల్చి చెప్పిన మాటనే మార్చేసినదాన్ని, ఇంకో మాట ఏ ముఖంతో అడగను? చంద్రకు చెబుతానో లేదో ఇప్పుడు ప్రమాణం చెయ్యలేను. నా ప్రమాణాల విలువ నాకు తెలుసు. కానీ ఈ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పెట్టాను. చంద్రను ఆపింది స్వామి కాదు. నేను. రాశాక మళ్ళీ ఒకసారి చదివాను. కొట్టెయ్యలేదు.