అర మనిషి

కిటికీలోంచి ఎండుమిరపకాయల ఘాటు రాగానే క్లాసంతా తుమ్ములు. రోడ్డు మీద మిరప బస్తాల లారీ వెళ్తోంది. బోర్డు మీద నేను రాస్తున్నది జనాభా లెక్క: నాలుగు వేల మంది ఉన్న ఊరు ఏటా ఐదు శాతం పెరిగితే మూడేళ్ళకు ఎంతవుతుంది? సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లలు ఘాటుకే అనుకున్నారు, అనుకోనీ. ఈ లెక్కా ఈ ఘాటూ ఒక్కసారే వస్తే సలోమీ టీచర్ నాకు గుర్తుకు రాక మానరు.

దర్శి దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ లెక్కలు చెప్పేవారు. పొట్టి మనిషే గానీ, చర్చిలో మైకు అక్కర్లేని గొంతు. పదో తరగతిలో మాకూ ఈ లెక్కే ఇచ్చారు. సగం క్లాసు ఏటికి రెండు వందల చొప్పున ఆరు వందలు కలిపేసి చేతులెత్తింది. "ఏరా, కిందటేడు పెరిగినోళ్ళని ఈ ఏడు లెక్కలోంచి తీసేశారేం? ఊళ్ళోంచి తరిమేశారా?" అని అందర్నీ ఏకిపారేశారు. నేను మాత్రం ఏటికేడు పెరిగిన జనం మీదే మళ్ళీ ఐదు శాతం వేసుకుంటూ పోయి, నాలుగు వేల ఆరు వందల ముప్పై పాయింట్ ఐదు అని రాశాను.

"పాయింట్ ఐదేందే మార్తా? అర మనిషి యాడన్నా ఉంటాడా?" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకుండరు టీచర్? కోతల్లో మేస్త్రి నన్ను అర మనిషి కిందే లెక్కేస్తాడు," అన్నాను.

అది నిజమే. ఏటా మిరపకాయ కోతలకు మా పల్లె పల్లెంతా గుంటూరు వైపు కదిలేది. కూలి లెక్కలో పెద్దవాళ్ళు నిండు మనుషులు, నాలాంటివాళ్ళు అర. నాన్న లేడు కాబట్టి అమ్మా నేనూ కలిసి ఒకటిన్నర. టీచర్ నవ్వలేదు. "ఈసారి ఎప్పుడు పోతన్నారు?" అని అడిగారు. వచ్చే వారం అన్నాను. "మరి పరీక్షలెట్టా?" అన్నారు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. అమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"ఈడొచ్చిన పిల్ల. ఎవురి మీద వదిలిపోనమ్మా?" అంది అమ్మ.

"నా మీద. నా ఇంటికి గొళ్ళెం ఉంది, నాకు నోరుంది. చాలదా?"

"మేస్త్రి ఊరుకుంటాడా? అర మనిషి తగ్గిందంటాడు."

"లెక్కల్లో అర వస్తే కింద పారెయ్యం మరియమ్మా. పైకి తీసుకుని నిండు మనిషిని చేస్తాం. నీ కూతుర్ని నన్ను పైకి తీసుకోనియ్యి."

అమ్మ సంచి మూతి ముడేసింది. ఆఖరికి, "నిద్దట్లో దుప్పటి తన్నేస్తదమ్మా, కాస్త చూడండి," అంది.

పరీక్షలయ్యేదాకా టీచర్ ఇంట్లోనే ఉన్నాను. పొద్దున లేచేసరికి దుప్పటి మెడ దాకా కప్పి ఉండేది. "మీ అమ్మ అబద్ధమాడలేదే తల్లీ, నాకు కునుకు లేదు!" అని కాఫీ గ్లాసు చేతికిస్తూ దెప్పేవారు. ఎంత హాయిగా ఉండేదో ఆ దెప్పు. నేను పాసయ్యాను, చదువుకున్నాను, ఇదిగో ఇవాళ ఆ లెక్కే చెబుతున్నాను. ఆవిడ పోయారు. ఎంత పెద్ద క్లాసులో నిలబడినా ఆ గొంతు కోసం చెవులు వెతుక్కుంటూనే ఉంటాయి.

మూడో బెంచీలో కుమారి చోటు వారం నుంచీ ఖాళీ. రేపు వాళ్ళమ్మతో కోతలకు బయల్దేరుతోందట. బడి వదలగానే వాళ్ళింటికి వెళ్తాను. ఏం చెప్పాలో నాకు తెలుసు. టీచర్, ఈ ఒక్క సాయంత్రం మీరు నా పక్కన నడిస్తే ఎంత బాగుండేది! పొద్దున వచ్చేటప్పుడే ఇంట్లో ఇంకో దుప్పటి తీసి ఎండలో వేసి వచ్చాను.