ఇనుముతో ఆడిన బేరం

ఆవకాయ మామిడికాయలు కొట్టించుకోవడానికి కాయకు ఐదు రూపాయలు ఇచ్చుకోవడం ఇష్టంలేక, సొంత డాబా మీద, సొంత కొలిమిలో, సొంత చేతులతో కత్తి చేసుకున్న మొనగాడు అమీర్‌పేట మొత్తంలో నేనొక్కడినే. ఆ నిర్ణయం తీసుకోవడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎంత ఖర్చయిందో మాత్రం చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు జాలిపడతారు. జాలిపడ్డవాళ్లు మనసారా నవ్వలేరు.

మాది స్టీలు సామాన్ల కొట్టు. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా నాన్న చుట్టాల దగ్గర చెప్పుకునేవాడు. గిన్నె ధర అడిగి మెట్లు దిగుతున్న మనిషిని వెనక్కి పిలవాలా, పోనివ్వాలా అన్నది వాడి భుజాలు చూసి చెప్పేస్తాను. అలాంటివాడికి ఇనుము కొట్టే సరదా పట్టుకుంది.

ఈ సరదా ఉన్నవాళ్లం నగరంలో ఓ పది మందిమి ఉన్నాం. ఒకాయన కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాడు, ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు. పంజాగుట్టలో పళ్ల డాక్టరైన ఇలియాస్ భాయ్ మాకు పెద్దదిక్కు. ఆదివారం వస్తే ఎవరో ఒకరి డాబా మీద చేరతాం. పట్టకారు అరువిచ్చి తిరిగి అడగడం మరచిపోయేంత మంచివాళ్లు. మాలో ఒక ఆచారం ఉంది. పనిలో విరిగిపోయిన వస్తువును ఎవరూ పారేయకూడదు. చేసినవాడి పేరు చీటీ మీద రాసి, ఇలియాస్ భాయ్ డాబా గోడకు మేకు కొట్టి వేలాడదీయాలి. ఆ గోడ చూసినప్పుడల్లా పాపం అనుకునేవాణ్ని. నా పేరు అక్కడ ఉండదని నాకంత ధీమా.

ఇక మామిడికాయల సంగతి. మా అత్తయ్యది భీమవరం. ఇప్పుడు లక్డీకాపూల్ దగ్గర మా బావమరిది ఇంట్లో ఉంటుంది. ఆమె ముగ్గురు కూతుళ్ల ఇళ్లకూ ఏడాదికి సరిపడా ఆవకాయ మా ఇంట్లోనే, ఆమె చేతి మీదుగానే కలుస్తుంది. పోయినేడాది మార్కెట్లో కాయలు కొట్టే అతనితో నేను ఒక్క రూపాయి కోసం పోట్లాడుతుంటే, మా వెనక నిలబడ్డవాళ్లంతా ముక్కలు కొట్టించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. అత్తయ్య అంతసేపూ ఎండలో నిలబడింది. అందుకే ఈసారి ఫోన్ చేసి, "ఎండలో నిలబడే పని లేదు అత్తయ్యా, కత్తి నేనే చేస్తున్నా" అన్నాను.

"ఏంటి, మీరా?" అంది. తర్వాత, "సరేలెండి, కాయలు మాత్రం నేను చూసి తెస్తాను" అంది.

కత్తికి లారీ చక్రాల మీద స్ప్రింగులా ఉండే కమాన్ పట్టీ అయితే బాగుంటుందని మావాళ్లు చెప్పారు. పాత ఇనుము కొట్టువాడు ఏడువందలు అన్నాడు. నాలుగొందలకు తేల్చి, బండి దాకా వాడి చేతే మోయించాను. మూడు ఆదివారాలు కొట్టాను. మొదటి ఆదివారం అది అరటిపండులా వంగింది, రెండో ఆదివారం ఎవరో తొక్కిన చెప్పులా అయింది, మూడో ఆదివారానికి కత్తి అయింది. మెట్రో రైలు, షేర్ ఆటోల హారన్ల మధ్య నా సుత్తి చప్పుడు ఎవరికీ వినిపించలేదు. ఎర్రగా కాల్చి పల్లీ నూనెలో ముంచిన రోజు మాత్రం ఆ వాసనకు పక్కనున్న హాస్టల్ కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. "మిర్చీనా అంకుల్, ఆలూనా?" అని అడిగారు.

అలా నూనెలో ముంచిన ఇనుము బాగా గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. ఓవెన్లో పెట్టి నిదానంగా వేడి చేస్తేనే దెబ్బకు ఓర్చుకుంటుంది. ఎంతసేపు పెట్టాలని ఇలియాస్ భాయ్‌కి మెసేజ్ పెట్టాను.

"రెండొందల డిగ్రీలు, రెండు గంటలు. సల్లారినంక మళ్ల రెండు గంటలు."

అంటే నాలుగు గంటల కరెంటు. అవతలివాడు చెప్పిన మొదటి ధర ఇవ్వడం మా వంశంలో లేదు.

"ఒక్కసారే, ఒక గంట చేద్దాం భాయ్" అని పెట్టాను.

"నేను అమ్ముతలేనన్నా. అడిగేది ఇనుము."

"నూటయాభై డిగ్రీలు, అరగంట. ఇగ ఫైనల్."

జవాబు రాలేదు. మా కొట్టులో అవతలివాడు మాట్లాడటం మానేశాడంటే బేరం తెగినట్టే. తెగిన బేరంలో కూడా చివర్లో ఇంకాస్త తగ్గించుకోవడం మా ఇంటి పద్ధతి కాబట్టి, నూట ఇరవై డిగ్రీలకు తిప్పి అరగంట ఉంచాను.

ఆదివారం అత్తయ్య అరవై కాయలు తెచ్చింది. అన్నీ కొత్తపల్లి కొబ్బరి. మా ఆవిడా అత్తయ్యా కలిసి కడిగి, తడి లేకుండా తుడిచి, పాత చీర మీద పరిచారు. అలా తుడిచిన కాయ ఆ రోజే ముక్కలై నూనెలో పడాలి. రేపటికి మెత్తబడిందంటే మూడిళ్ల ఆవకాయ ఏడాదంతా మెత్తగానే ఉంటుంది. నా కత్తిని ఒక చివర చెక్క పీటకు బిగించి, రెండో చివర పిడి వేశాను. చూడటానికి ఇలియాస్ భాయ్ కూడా వచ్చాడు.

"ఓవెన్ల పెట్టినవు కదా?" అన్నాడు.

"పెట్టిన" అన్నాను. అబద్ధం కాదు. గల్లా దగ్గర కూర్చున్నవాడు అడిగినదానికే జవాబు చెబుతాడు.

మొదటి కాయ టెంకతో సహా రెండుగా విడిపోయింది. అత్తయ్య ముక్క తీసి వెలుతురుకు పెట్టి చూసింది. "ముక్కకు పెంకు అంటుకునే ఉంది. బానే కొట్టారు" అంది. పెళ్లయ్యాక ఆమె నోట నాకు అంత మెప్పు దొరకడం అదే మొదలు. పది కాయలు అయ్యేసరికి, వచ్చే ఏడాది ఈ వీధికంతా నేనే కొడతానని, కాయకు నాలుగే తీసుకుంటానని చెబుతున్నాను. పదకొండో కాయ మీద టప్‌మని చప్పుడైంది. పిడి నా చేతిలో ఉంది. సగం కత్తి కాయలో ఉంది.

ఇలియాస్ భాయ్ రెండు ముక్కలనూ తీసుకుని విరిగిన పన్ను అతికించినట్టు పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇక్కడ జరంత పెచ్చు లేదు" అన్నాడు. అందరం కొట్టిన ముక్కల గుట్ట వైపు చూశాం.

"దొరక్కపోతే?" అంది మా ఆవిడ.

"దొరక్కపోతే ఏడాది పొడుగునా నా క్లినిక్‌కు పేషెంట్లు మీ ఇంట్లకెల్లే వస్తరు."

ఫ్రిజ్ మీద ఉన్న అయస్కాంతం బొమ్మను పీకి ముక్కలన్నిటి మీదా తిప్పాం. ఏమీ అంటుకోలేదు.

"ఎన్ని డిగ్రీలు పెట్టినవు?"

"నూట ఇరవై. అరగంట."

"గట్లని నేనన్ననా?"

"నువ్వు ఏం మాట్లాడలే కదా భాయ్."

"అప్పుడు పేషెంట్ పన్ను పీకుతున్ననన్నా."

అత్తయ్య కొట్టిన ముక్కల్ని, కత్తి విరిగిన కాయతో సహా, ఒక సంచిలోకి ఎత్తింది. "మనవలు తినేది. ఇవి వద్దు" అని చెత్తబండిలో వేయించింది. మిగిలిన కాయలు బుట్టకెత్తమంది. "పదండి అల్లుడు గారూ, మార్కెట్‌కి. నేనూ వస్తా."

"ఎండగా ఉంది అత్తయ్యా."

"పోయినేడాది చూసిన ఎండే కదా."

కాయలు కొట్టే అతను దూరం నుంచే నన్ను గుర్తుపట్టి చేతిలో పని ఆపేశాడు. "ఈసారి ఆరు సార్. ముందుగాలనే చెప్తున్న."

"సరే" అన్నాను.

"ఆరు అన్న సార్."

"సరే అన్న కదా."

అతను నన్ను వదిలేసి అత్తయ్యను అడిగాడు. "సార్‌కు పాణం బాగలేదా అమ్మా?"

"బానే ఉంది బాబూ. కత్తి చేశారు."

అతనికి ఏమర్థమైందో తెలియదు, పెద్ద కష్టమే అనుకున్నట్టున్నాడు. "తియ్ సార్, ఐదే ఇయ్యి" అన్నాడు. తగ్గించమని అడగకుండా నేను గెలిచిన బేరం నా జీవితంలో అదొక్కటే. అతనే కిందికి చూసి, "సార్, మీ చెప్పుకు ఏందో మెరుస్తుంది" అన్నాడు. మడమ పక్కన రబ్బరులో దిగబడి ఉంది, పోయిన పెచ్చు. అంటే ఆ కాయలన్నీ ఉత్త పుణ్యానికే చెత్తబండెక్కాయి. అత్తయ్య పెచ్చును చూసింది, నన్ను చూసింది, బుట్ట కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడి ఎండలో నవ్వడం మొదలుపెట్టింది. ఆవకాయ ఆ సాయంత్రమే కలిసింది.

ఆ రాత్రే నా దాగలి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ, దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఇనుము ఎన్ని డిగ్రీలు అడిగితే అన్ని, ఎన్ని గంటలు అడిగితే అన్ని, కిమ్మనకుండా చెల్లిస్తాను. మనుషుల విషయంలో మాత్రం మాటివ్వలేదు, కొట్టు నడవాలి కదా.

ఇక లెక్క. కమాన్ పట్టీ నాలుగొందలు. కొలిమికి గ్యాసు పద్దెనిమిది వందలు. పల్లీ నూనె తొమ్మిదొందలు. పారేసిన పదకొండు కాయలు, ముప్పై చొప్పున, మూడొందల ముప్పై. మిగతా నలభై తొమ్మిది కొట్టించినందుకు రెండొందల నలభై ఐదు. మొత్తం మూడువేల ఆరొందల డెబ్బై ఐదు. ముందే మార్కెట్‌కి పోయి ఉంటే మూడొందలతో పోయేది. ఇలియాస్ భాయ్ ఫీజు కింద రెండు జాడీల ఆవకాయ అడిగాడు. ఒకటి అనబోయాను. అత్తయ్య నా వైపు చూసింది. రెండూ ఇచ్చాను. ఓవెన్ దగ్గర నేను మిగిల్చిన కరెంటు, ఎంత ఉదారంగా లెక్క కట్టినా, నలభై రూపాయలు దాటదు.

భాయ్ డాబా గోడ మీద నా పేరుతో ఒక మేకు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఉచితంగా దొరికింది అదొక్కటే.