తెండి సారు

నరసరాజు సారుకున్న జబ్బు ఒక్కటే. పాఠం చెప్పాలంటే బస్తీలో ఎవరిదో ఒకరి వస్తువు ఆయన గదిలో ఉండాలి. బోర్డు మీద బొమ్మ గీసి చేతులు దులుపుకునే రకం కాదు. "ఏమ్మా, మీ ఇంట్లో జల్లెడ ఉందా? అమ్మనడిగి రేపు తెండి" అంటాడు. మర్నాడు తాళంకప్ప, ఆ మర్నాడు గాలిపంపు. అందుకే బొల్లారం కంపెనీల వెనకున్న ఆ బస్తీలో ఆయనకు తెండి సారు అని పేరు. ఆ మాట అక్కడ ఇంకెవరి నోటా రాదు. సారు తండ్రి ఫ్యాక్టరీ ఉద్యోగానికని గోదావరి వైపు నుంచి బస్సెక్కి వచ్చాడు. సారు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, ఆయన భాష మాత్రం ఇంకా ఆ బస్సు దిగలేదు.

ఇంట్లో ఏదైనా కనబడకపోతే బస్తీలో ఎవరూ దొంగను తిట్టుకోరు. తిన్నగా సర్కారు బడికి, రెండో తరగతి గదికి పోతారు.

తెప్పించుకోవడం వరకే సారు పని. తిరిగి పంపడం ఆయనకు రాదు. పిల్లల చేతికివ్వడు. ఎవరి వస్తువు వాళ్ళే రావాలి. తీరా వస్తే, "ఇస్తానండీ, ఎక్కడికి పోతుంది! ఎలా వాడతారో పిల్లలకి ఓసారి చూపించి తీసుకెళ్ళండి" అంటాడు.

పంక్చర్ల సంగయ్య పంపు కోసం లుంగీ ఎగ్గట్టి కొట్లాటకే పోయాడు. "సారూ, నా గిరాకంత వాపస్ పోతున్నది. పంపు ఇస్తవా, ఇయ్యవా?"

"ఇస్తానండీ. ట్యూబులో కన్నం ఎక్కడుందో ఎలా కనిపెడతారూ?"

"నీళ్ళల్ల ముంచితె బుడగలొస్తయ్."

"అబ్బా! ఆ ముక్క వీళ్ళకి చెప్పండి."

మధ్యాహ్నం దాకా చెప్పాడు. పిల్లలు ట్యూబులతోపాటు సంగయ్యనూ ముంచారు. తడిసి ఇంటికొచ్చిన సంగయ్య, పంపు మరిచిపోయి వచ్చానని మర్నాడు మళ్ళీ పోయాడు. ఇప్పటికీ ప్రతి శనివారం పోయి అదే పంపు మరిచిపోయి వస్తుంటాడు.

ఆ తరగతిలోనే చదివే నవీన్ వాళ్ళ అలారం గడియారం కథ వేరు. దాన్ని పిల్లలు విప్పారు, మళ్ళీ బిగించారు. బిగించాక ఒక స్ప్రింగు మిగిలింది. "లేకపోయినా నడుస్తుందండీ" అని సారు ధైర్యం చెప్పాడు. నడిచింది. వెనక్కి.

ఈ కథలన్నీ కౌసల్యమ్మ కూడా విన్నది. విని "ఊ" అన్నది. మొగుడు ఎల్లయ్య పోయినప్పటి నుంచి ఆమె దేనికైనా అనేది అదొక్కటే. కొడుకు నరేష్ షిఫ్ట్ నుంచి వచ్చి "అమ్మా, తిన్నవా?" అంటే ఊ. "తినలేదా?" అన్నా ఊ. గడప దాటడం మానేసి, గోడకానుకుని, మేకుకు వేలాడే తరాజును చూస్తూ కూర్చునేది. ఎల్లయ్య సంతల్లో కూరగాయలమ్మిన తరాజు అది.

ఒకరోజు పొద్దున్న తల ఎత్తేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది.

కౌసల్యమ్మ లేచి మేకును తడిమి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. మనుమరాలు నిషిత రాత్రి అన్నం తింటూ అడిగింది, "నానమ్మా, మా సారు తరాజు తెమ్మన్నడు. తాతది తీస్కపోనా?" అని.

తాను ఊ అన్నది.

చెంగు సరిగ్గా కప్పుకోకుండానే బయటపడింది. దారి పొడవునా ఆమెకు గడియారంలో మిగిలిన స్ప్రింగే కళ్ళముందు ఆడింది. తరాజు పోతే పోనీ, దానికి కట్టి ఉన్న మట్టె? ఎప్పుడో ఒకసారి ఆటో తగిలి ఒక పళ్ళెం అంచు విరిగి తేలికైపోతే, ఎల్లయ్య ఆమె పాత మట్టెనొకదాన్ని ఎర్ర దారంతో ఆ పళ్ళేనికి కట్టి తూకం సరి చేశాడు. "నువ్వు గీడుంటెనే నా లెక్క సక్కగుంటది" అని నవ్వాడు. ఆయన పోయిన రోజున ఆమె కాళ్ళ మట్టెలు తీసేశారు. ఆ ఒక్కటీ తరాజుకే మిగిలింది.

బడి గేటు దగ్గర బియ్యం చెరుగుతున్న వంట బీరమ్మ చేట కింద పెట్టింది. "ఓ అక్కా, బయటికొచ్చినవా! నీది గూడ పాయెనా? నా జల్లెడ పోయి ఎన్ని దినాలాయెనో. జల్దీ పో, గా గడియారం సంగతి ఎరుకేనా?"

"ఎరుకే. నోర్ముయ్!" అంది కౌసల్యమ్మ.

గదిలో సంత జరుగుతోంది. పిల్లలు తువాళ్ళు పరిచి, టమాటలు, ఉల్లిగడ్డలు కుప్పలు పోసుకుని గొంతులు చించుకుంటున్నారు. కిటికీ ఊచకు తరాజు వేలాడుతోంది. రెండు పళ్ళాలూ ఖాళీ. అయినా ఒకటి కిందికి, ఒకటి పైకి. ఎర్ర దారం లేదు.

"మట్టె ఏది?"

ఆ గొంతుకు సంత మొత్తం ఆగిపోయింది. నరసరాజు సారు చేతిలో ఉల్లిగడ్డతో అలాగే నిలబడ్డాడు. "ఏ మట్టండీ?"

"పళ్ళేనికి కట్టిన మట్టె! మా ఆయన కట్టిండు. నీ పాఠాల మీద మన్నుబొయ్య, నీకు నా ఇల్లే దొరికిందా సారూ? గా మట్టె లేకుంటె నాకేమున్నది?"

జడలో రిబ్బను ఊడిన స్నిగ్ధ లేచి నిలబడింది. "నేనే తెంపిన. రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉండాలని సారే చెప్పిండు. దారం ఒక్క దిక్కే ఉండె. మురికి గూడ ఉండె."

సారు ముఖం సుద్దముక్క రంగుకొచ్చింది. ఆ మాట ఆయన నిన్ననే చెప్పాడు.

"ఏడ పెట్టినవు బిడ్డా?"

"యాదికి లేదు."

ఇక గదంతా మోకాళ్ళ మీదే. బెంచీల కింద, సంచుల్లో, చెత్తబుట్టలో వెతికారు. అందరికన్నా ఎక్కువ స్నిగ్ధే వెతికింది. సారు కళ్ళద్దాలు జారి టమాటల్లో పడ్డాయి, తీసుకోలేదు. "దొరుకుతుందండీ. దొరక్కపోతే..." అని ఆగిపోయాడు. లేకపోయినా నడుస్తుందన్న మాట మాత్రం ఆ రోజు ఆయన నోట రాలేదు. నిషిత నానమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తోంది. కౌసల్యమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది.

అప్పుడు స్నిగ్ధ చిటికెన వేలు ఎత్తింది. "సారూ, ఒంటికి పోవాలె."

ఆ వేలికి మట్టె ఉంది.

గది గదంతా ఆ వేలినే చూసింది. స్నిగ్ధ కూడా చూసుకుంది. "ఓ! ఇదేనా?" అని, మట్టె ఇచ్చేసి బయటికి పరుగెత్తింది.

"దారముందా?" అడిగింది కౌసల్యమ్మ. సారు బీరువా వైపు చూపించాడు. ఆమే వెళ్ళి తలుపు తీసింది, దారం తీసుకుంది, లోపల కాసేపు చూసింది, తలుపు మూసింది. మట్టె కట్టగానే పళ్ళాలు రెండూ ఒక్క వరుసలోకొచ్చి నిలబడ్డాయి.

"ఓహో!" అన్నారు పిల్లలు.

"ఏం ఓహో? ఖాళీగున్నప్పుడే సక్కగుండాలె. ఏదీ, నీ టమాటలు ఇటు పొయ్యి. గట్ల ఒర్రితె కొననీకి ఎవలొస్తరు? మీ తాత ఎట్ల పిలుస్తుండెనో ఎరుకనా?"

గొంతు సవరించుకుని, ఎల్లయ్య పిలిచినట్టే, "రావమ్మో రా, పొద్దుగాల తెంపిన వంకాయ, పొయ్యెక్కక ముందే ఉడుకుతది!" అని సాగదీసి పిలిచింది. పిలిచాక తనే ఉలిక్కిపడింది. పిల్లలు వదిలితేగా. అన్నం బెల్లు కొట్టేదాకా పిలిపిస్తూనే ఉన్నారు.

పిల్లలు పళ్ళేలతో బయటికి పోయాక కౌసల్యమ్మ సారు ముందుకొచ్చి నిలబడింది. "సారూ, బీరువల కొత్త తరాజు ఉన్నది. గడియారమున్నది. పంపు గూడ ఉన్నది. మరి మా ఇండ్ల మీద పడుడేంది?"

దొంగతనం చేసి దొరికిన పిల్లవాడిలా సారు తల గోక్కున్నాడు. "అవి సర్కారు పంపించినవండీ. ప్లాస్టిక్‌వి."

"ప్లాస్టిక్‌దైతె తూగదా?"

"తూగుతుందండీ. కానీ దాన్ని తీసుకెళ్ళడానికి ఇంట్లోంచి ఎవరూ రారు కదండీ." టమాటల్లోంచి కళ్ళద్దాలు తీసుకుంటూ అన్నాడు. "ఇంట్లో ఎవరెవరు ఏం మాట్లాడతారని అడిగితే, మా నానమ్మ ఊ అంటుందని చెప్పిందండీ నిషిత. ఇంకేమంటుందమ్మా అంటే, అంతే అంది."

కౌసల్యమ్మకు సంగయ్య గుర్తొచ్చాడు. పిల్లల్లేని సంగయ్య, శనివారం శనివారం తడిసి వచ్చే సంగయ్య. ఊ అనబోయి ఆపుకుంది.

"నువ్వు తిన్నవా?" అని అడిగింది.

"తింటానండీ. పిల్లలు తినేశాక..."

"రోజు గదే ముచ్చట. మూత తియ్యకుండనే డబ్బ ఇంటికి పోతది" అంది గుమ్మంలోంచి బీరమ్మ.

కౌసల్యమ్మ తరాజును కిటికీకే వదిలేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం బెల్లు కొట్టాక సారు తన టిఫిన్ డబ్బా కోసం గదంతా వెతికాడు. బెంచీల కింద చూశాడు, బీరువాలో చూశాడు, ఉల్లిగడ్డల బుట్ట కూడా తిరగేశాడు. నిషిత సంచి వేసుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"సారూ, మీ డబ్బ మా ఇంట్ల ఉన్నది."

"మీ ఇంట్లోనా? ఎవరు తీసుకెళ్ళారమ్మా?"

"మా నానమ్మ. నా చేతికి ఇయ్యదంట, మీరే రావాలంట." మరిచిపోకుండా చెప్పాలని నిషిత కళ్ళు గట్టిగా మూసుకుంది. "వచ్చి, దాంట్ల ఎట్ల తింటరో ఒకసారి సూపెట్టి తీస్కపోవాలంట."