రెండు స్టేషన్ల నడుమ

నా భార్యకు అది ఆఖరి టీచర్ పరీక్ష. మరుసటి ఏడాదికి వయసు దాటిపోతుంది. బీరంగూడలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, ఇంటికొచ్చి వంట చేస్తూ, ఏళ్ల తరబడి చదువుకుంది. పరీక్ష కేంద్రమేమో సిటీకి అవతలి కొసన పడింది.

"పొద్దుగాల అయిదింటికే బస్సెక్కుదాం," అంది ముందురోజు.

నేను వింటేగా! "మెట్రో ఉండంగ బస్సెందుకు? టైమంటే టైమే అది. మంచిగ ఏసీల కూసొని ఇంకోసారి పుస్తకం తిప్పుకో," అన్నాను. నాతో వాదన ఎందుకని సరేనంది. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని నేను. యంత్రాల సంగతి నాకన్నా ఎవరికి తెలుసన్న పొగరు కొంచెం ఎక్కువే.

మర్నాడు రైలు కిక్కిరిసి ఉంది. ఎలాగో ఆమెకు సీటు దొరికింది, పుస్తకం తెరిచింది. నాలుగు స్టేషన్లు దాటాక వేగం తగ్గి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. కిటికీలోంచి ఎవరి మేడ మీదో ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. ఒక్కరూ ఫోన్లోంచి తలెత్తలేదు. అప్పుడు నెత్తిమీద ఏసీ చప్పుడు ఆగింది. ఫ్యాక్టరీలో మోత ఉన్నంతసేపు నాకు భయం లేదు, మోత ఆగితేనే పరుగెత్తుతాను. ఇక్కడ ఎక్కడికి పరుగెత్తను? తలుపులు మూసి ఉన్నాయి, రోడ్డు ఎక్కడో కింద ఉంది.

"సాంకేతిక కారణాల వల్ల..." అని స్పీకర్లో గొంతు వినిపించింది. ఏం పాడైందో మాకే అర్థం కానప్పుడు షిఫ్టు పుస్తకంలో నేను రాసే మాట అదే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

"ఎంతసేపు పడ్తది?" అని అడిగింది.

"రెండు నిమిషాలల్ల పోతది," అన్నాను. అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది. పుస్తకం మూసి, హాల్‌టికెట్ తీసి చేతిలో పట్టుకుంది.

ఉక్కపోత మొదలైంది. ఎవరో తలుపు మీద గుద్దారు. ఒక ముసలాయన నీళ్లడిగాడు. ఎదురు పట్టాల మీద కూడా బండి రావడం లేదని అప్పుడు గమనించాను. అంటే లైను మొత్తం ఆగింది. ఎక్కడో ఒక్కచోట ఏదో కాలి ఉంటుంది, దానికి ఊరి ఈ కొస నుంచి ఆ కొస దాకా జనమంతా మాలాగే గాలిలో ఇరుక్కున్నారు.

చివరికి రైలు పాకుతూ తర్వాతి స్టేషన్ చేరింది. అందరినీ దింపేశారు. కింద రోడ్డంతా జాతర. పైన ఆగిన జనమంతా ఒక్కసారి దిగేసరికి బస్సులూ కదలడం లేదు. దొరికిన ఒక్క ఆటో నాలుగడుగులకోసారి ఆగింది. ఆఖరి మలుపులో ఆమె దిగి, చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది.

గేటు మూసేశారు. మూసి మూడు నిమిషాలైందన్నాడు కానిస్టేబుల్. బతిమాలాను, కాళ్ల మీద పడబోయాను, ఆ తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను.

"నిమిషం లేటైనా పంపొద్దన్నరు సార్. నా చేతుల ఏం లేదు," అన్నాడు.

ఆమె నా చెయ్యి పట్టి లాగింది. "ఆయన్నేమనకుండ్రి. ఆయన టైముకే మూసిండు."

హాల్‌టికెట్ మడిచి పుస్తకంలో పెట్టి, చెప్పులు కింద వేసి తొడుక్కుంది.

తిరిగి స్టేషన్ దగ్గరికి వచ్చేటప్పటికి పైన రైళ్లు ఏమీ జరగనట్టు తిరుగుతున్నాయి. సిగ్గుతో బస్టాపు వైపు నడిచాను. ఆమె మెట్రో మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"గిట్ల రాండ్రి," అంది. "దీంట్లనే పోదాం. ఇగ ఎక్కడ ఆగినా మనకు పోయేదేం లేదు."