కంప్యూటరు వీపు మీద చెయ్యి

మా మండల కచేరీలో కంప్యూటరు నడిపే మనిషి ఆయన. పని మొదలుపెట్టే ముందు, టీవీ లాంటి ఆ డబ్బా వీపు మీద అరచెయ్యి ఆనించి, బిడ్డకు జ్వరం చూసినట్టు చూసేవాడు. అక్కడ జవానుగా ఉన్న నాకు అప్పటికి చదువు రాదు. ఆయన చేసేది మాత్రం పిచ్చిపనిగానే తోచేది.

ఎనభైల చివర, వానలు పడని ఏడు. పశువుల గడ్డికి చీటీలు ఆ యంత్రమే అచ్చువేయాలి. బయట రైతులు పొద్దున్నుంచి నిలబడి ఉన్నారు. ఒకవైపు చీటీలు అచ్చవుతుండగానే కొత్త పేర్లు కూడా ఎక్కించమన్నాడు అధికారి.

"ఒగ పని అయినంకే ఇంగోటి పట్టుకుంటాది సార్."

"నువ్వు తింటా మాట్లాడవా? అట్లే చేయించు."

చేయించాడు. తెర మీద అక్షరాలు బిగుసుకుపోయాయి. చెయ్యి ఆనిస్తే డబ్బా కాలిపోతోంది. ఆయన కంగారులో, ఇంట్లో నీళ్లకుండకు చుట్టినట్టు, తువ్వాలు తడిపి దానికి చుట్టాడు. చిటపటమని తెర నల్లబడింది.

"ఎవడు తడిపినాడు?"

"నేనే సార్."

రెండు పనులు చేయించింది ఎవరో ఆయన చెప్పలేదు. బయటికి పోయి రైతులకు తనే చెప్పాడు.

"ఈపొద్దు చీటీలు లేవప్పా. రేపు రాండి."

"రేపటిదాకా నా ఎద్దు ఉండల్ల గదన్నా," అన్నాడొక ముసలాయన, కోపం లేకుండా.

కంప్యూటరు మనిషి మెట్టు మీద కూలబడ్డాడు. ఉద్యోగం పీకేస్తానని లోపలినుంచి అధికారి అరుస్తున్నా తల తిప్పలేదు.

"ఎద్దు నిలబడుండాదా పెద్దాయనా, లేవలేక పడుకోనుండాదా?"

ముసలాయన ఊరిదారి పట్టాడు.