ఆంటీ పాలు పోసిన మూడు పాములు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే చేతకాదు. భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న డునెడిన్‌లో జంతుశాస్త్రం చదవడానికి వచ్చిన కొత్తలో మా ప్రొఫెసర్ (ఎముకలు కొరికే చలిలోనూ నిక్కరే) "పాముల గురించి ఎవరికైనా తెలుసా?" అంటే, "మేం పాముల మధ్యే పెరిగాం" అని చెయ్యెత్తేశాను. నేను పెరిగింది విజయవాడలో, నాలుగో అంతస్తులో. పామును చూసింది టీవీలోనే, అదీ కాళ్లు సోఫా మీద పెట్టుకుని. ఆయన మురిసిపోయి, అమెరికాలో ఉండే కింగ్‌స్నేక్ అనే పాము ఉపజాతుల మీద సెమినార్ నాకు అప్పగించారు. బాగా చెబితే వేసవిలో కొండల మీద బల్లులు లెక్కపెట్టే ఉద్యోగం ఇస్తానన్నారు. అది రాకపోతే సెలవులంతా డెయిరీలో (ఇక్కడ చిల్లరకొట్టును అలాగే అంటారు) అరలు సర్దడమే నా గతి.

మూడు పాముల బొమ్మలతో పెద్ద పోస్టర్ చేసి, ఏది ఎక్కడ ఉంటుందో, ఏం చేస్తుందో కింద స్కెచ్ పెన్నుతో రాసుకున్నాను. చూసి చదివేయొచ్చు కదా అని బుర్రలోకి మాత్రం ఎక్కించుకోలేదు. సెమినార్ రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి, కింది ఫ్లాట్‌లో ఉండే కాకినాడ ఆంటీ (మా కుర్రాళ్లందరికీ పెద్దదిక్కు) పోస్టర్ ముందు చేతులు జోడించి నిలబడ్డారు. రూమ్మేట్ తలుపు తీశాడట. పాములకు పసుపు, కుంకుమ, నోటి దగ్గర చిమ్మిలి. పైనుంచి పోసిన పాలకు నా రాతంతా కరిగి నీలం చారైంది.

"నాగులచవితి కదా బాబూ. ఈ దేశంలో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? నీ దగ్గర ఏకంగా ముగ్గురున్నారు."

"అవి అమెరికా పాములు ఆంటీ."

"అయితే ఏం, మనం మాత్రం పరాయి దేశంలో లేమూ?"

గత్యంతరం లేక ఆ పోస్టరే పట్టుకెళ్లాను. ఎడారి పామును చిత్తడి నేలలో ఈదించాను, ఫ్లోరిడా పామును ఇసుకలో ఎండబెట్టాను. "ఆ ఎర్రచుక్కలేమిటి?" అన్నారు ప్రొఫెసర్. జత కట్టే కాలంలో వస్తాయని నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆగిపోయి, "మా ఆంటీ పెట్టిన బొట్లు. నేను నిజం పామును ఎప్పుడూ చూడలేదు" అనేశాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వకుండా, "శుక్రవారం కాగితం లేకుండా వచ్చి చెప్పు. అప్పటిదాకా ఉద్యోగం ఎవరికీ ఇవ్వను" అన్నారు.

జరిగింది విని నొచ్చుకున్న ఆంటీ, పాఠం తనకి అప్పజెప్పమన్నారు. ఆవిడ చపాతీపిండి కలుపుతుంటే నేను మొదలుపెట్టాను.

"అడవి అంచున ఉండేది బెదిరితే తోక టపటపలాడిస్తుంది."

"మా పెద్ద తోడికోడలు."

"ఫ్లోరిడాది బురదనేలల్లో, చెరుకుతోటల్లో, నీళ్ల పక్కనే."

"మా పుట్టింటివాళ్లు."

"ఎడారిది పట్టుకుంటే వెల్లకిలా పడి చచ్చినట్టు నటిస్తుంది."

"మీ అంకుల్. గిన్నెలు తోమమంటే అంతే. ఇంతకీ ఇవి ఏం తింటాయి?"

"ఎలకలు, బల్లులు... తోటి పాముల్ని కూడా తినేస్తాయి ఆంటీ."

ఆవిడ పిండిముద్దను గట్టిగా ఒక్కటి చరిచారు. "అయితే అందరూ మా బంధువులే."

శుక్రవారం గడగడా చెప్పేశాను. ఉద్యోగం వచ్చింది. కుంకుమ బొట్ల పాముల్ని చంకలో పెట్టుకుని బస్సెక్కిన ఆ కోతలరాయుణ్ణి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ముద్దూ వస్తాడు. ఆ మూడింటి తేడాలు ఇప్పుడు నన్ను నిద్రలేపి అడిగినా చెప్తాను. కాకపోతే, పామన్నదే లేని ఈ దేశంలో ఇన్నేళ్లయినా ఇంకెవరూ అడగలేదు.